మా నాయన నాలుగెకరాలు

ఆ కాగితం మీద నేను చదవకుండా సంతకం పెట్టి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదని ఇప్పటికి చాలామంది నాతో అన్నారు. కొందరు తిట్టినట్టు అన్నారు, కొందరు జాలిపడినట్టు అన్నారు. నిజమే కావచ్చు. కానీ కాగితం చేతికొస్తే చదవకుండా ఉండలేని అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. కొట్లో పప్పులు కట్టిచ్చిన పేపరు కూడా విప్పి, రెండు వైపులా చదివి గానీ పారెయ్యను.

కాగితం తెచ్చినవాడు మా పెద్ద తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు, మా చిన్నాయన పెద్దకొడుకు. కానీ నేను చంకనెత్తుకుని తిప్పినవాడే. అతని వెంట సోలార్ కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే ఒకాయన ఉన్నాడు, మెడలో కార్డు వేలాడేసుకుని. నల్లమాడ వైపు మా అత్తగారి ఊళ్లో మాది రెండు గదుల ఇల్లు. మా ఆయన బేల్దారి మేస్త్రి, ఎవరింటికో గోడ లేపడానికి పోయి ఉన్నాడు. నేను వాకిట్లో కూర్చుని, విత్తనాలకని ఎవరివో వేరుశెనక్కాయలు కూలికి ఒలుస్తున్నాను.

“బాగుండావా అక్కా? రొన్ని నీళ్లియ్యి. ఎండకు పానం పోతాంది.”

ఇద్దరికీ నీళ్లిచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, తమ్ముడు సంచిలోంచి కాగితాలు తీశాడు.

“ఏం ల్యాదక్కా. మన సేండ్లు సోలారోల్లకి లీజుకిస్తాండాం. ఇంట్లో వాల్లందరి సంతకాలు కావల్లంట. నువ్వూ ఇంటి బిడ్డవే గదా. ఈడ ఒగటి, ఆడ ఒగటి పెట్టు. అంతే.”

ఇంటి బిడ్డవే గదా అన్న మాటకు నాకు సంతోషం వేసింది. పెళ్లయి ఇన్నేళ్లయినా నన్ను లెక్కలో పెట్టుకున్నారు కదా అని మనసులోనే కదిరి నరసింహస్వామికి దండం పెట్టుకున్నాను. చేతులు దులుపుకుని కాగితం అందుకున్నాను.

నేను బడికి పోలేదు. ఇంట్లోనే చదువుకున్నాను. అందువల్ల వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా పట్టుకుని చదువుతాను. కంపెనీ ఆయనకు అంత ఓపిక లేదు.

“అంతా మామూలేనమ్మా. అందరూ పెట్టినారు.”

“పెట్టనీ అన్నా. నేను సదువుకొని పెడతా.”

మొదటి పేజీలో ఎనిమిదెకరాలు అని ఉంది. మా చిన్నాయన పేరు, ఆయన ఇద్దరు కొడుకుల పేర్లు ఉన్నాయి. నా పేరు పక్కన కుమార్తె అని ఉంది. రెండో పేజీలో, ఆ ఎనిమిదెకరాలూ చిన్నాయన ఒక్కడికే ఎలా వచ్చాయో రాశారు. మా తాత చేసిన పంపకంలో అన్నదమ్ములకు చెరి నాలుగెకరాలు వచ్చాయని, అన్నగారు నిస్సంతుగా మరణించినందున ఆయన భాగం కూడా తమ్ముడికే సంక్రమించిందని.

ఆ అన్నగారు మా నాయన.

నిస్సంతు అంటే పిల్లలు లేకుండా. మా నాయన పిల్లలు లేకుండా పోయాడని రాసి, ఆ కాగితం మీద సంతకం పెట్టమని ఆయన కూతురి చేతికే ఇచ్చారు. నేను ఆ వాక్యాన్ని రెండోసారి పైకే చదివాను.

“ఇదేందిరా? మా నాయనకు నేను ల్యానా?”

“అబ్బా, ఆ మాటలన్నీ వకీళ్లు రాసుకుంటారక్కా. నువ్వెవరి బిడ్డవో మనకు తెలీదా?”

“తెలిస్తే ఇట్ల యాల రాసినారు?”

“ఏమక్కా, మా మీద నమ్మకం ల్యాదా?”

నేను కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాను. చిన్నాయననే అడుగుతానన్నాను. తమ్ముడు లేచి పోతూ, గడప దాటాక, కంపెనీ ఆయనతో అనడం నాకు వినిపించింది: “ఈ యమ్మకు సదువు నేర్పించినోన్ని అనల్ల.”

సదువు నేర్పించినవాడు వాళ్ల నాయనే.

నాకు అమ్మ గుర్తు లేదు. నాయన జ్వరమొచ్చి పోయేనాటికి నాకు ఐదేళ్లు. మా వైపు చాలా ఇళ్లలో పోయినవాళ్లను సొంత చేన్లోనే పూడ్చిపెట్టుకుంటారు. మా అమ్మనూ నాయననూ మా నాలుగెకరాల్లోనే, కానుగ చెట్టు దగ్గర పక్కపక్కన పెట్టారు. ప్రతి ఏటా పెద్దల అమావాస్యకు నేను పోయి వాళ్ల మీద నిలిపిన రెండు రాళ్లు కడిగి, పూలు పెట్టి, అన్నం పెట్టి వస్తాను. ఆ చేను చిన్నాయన సాగు చేసేవాడు. పంట చేతికొచ్చిన ఏడు ఒక మూట బుడ్డలు, అంటే వేరుశెనక్కాయలు, మా ఇంటికి పంపేవాడు. మా నాయన చేన్లో పండినవని కళ్లకద్దుకుని తీసుకునేదాన్ని. పాసుపుస్తకంలో ఎవరి పేరుందో నేను ఎప్పుడూ అడగలేదు. అడగడమే తప్పనిపించేది.

నన్ను పెంచింది చిన్నాయన ఇంట్లో ఉన్న మా జేజి, మా నాయన తల్లి. బడి వానొస్తే పొంగే వంక దాటి పక్క ఊళ్లో ఉండేది. కొడుకు పోయాక జేజి నన్ను కంటి ముందు నుంచి కదలనిచ్చేది కాదు. “కొడుకును జ్వరం మింగె, దీన్ని ఆ వంక మింగితే నేనేం చేయల్ల” అనేది. అందుకని చిన్నాయనే పొద్దుగూకే వేళకు చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద బొగ్గుముక్కతో అక్షరాలు రాసి దిద్దించేవాడు. గుణింతాలు తప్పితే కసిరేవాడు, వస్తే బెల్లం పెట్టేవాడు. నేను ఈ రోజు నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఆ రోజుల్లోనే వరసగా వానలు పోయాయి. వేసిన విత్తనం వేసినట్టే భూమిలో మాడిపోయిన ఏళ్లు అవి. రేషన్ కార్డులు కొత్తగా రాసుకోవడానికి మనుషులు ఊళ్లోకి వచ్చారు. ఇంట్లో ఒక తల ఎక్కువ ఉంటే నాలుగు గింజలు ఎక్కువ వస్తాయి. తల్లీ తండ్రీ లేని పిల్లను ఏ కార్డులో రాయాలో వాళ్లకు తెలియలేదు. ఎవరి బిడ్డ అని అడిగారు. చిన్నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదట.

“నా బిడ్డేలే. రాసుకో.”

ఆ మాట ఊరంతా చెప్పుకుంది, ఎంత మంచి మనిషి అని. జేజి నాకు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ “నువ్వు ఆయన మేలు మర్చిపోగూడదు” అనేది. మరి నేను మర్చిపోలేదు.

మర్చిపోకపోవడంలోనే పొరపాటు కూడా చేశాను. నాకు పద్దెనిమిది దాటాక ఓటరు పేర్లు రాసుకునేవాళ్లు ఫారం ఇచ్చారు. అందులో తండ్రి పేరు అని ఒక గీత ఉంది. ఆ గీత మీద నేను చిన్నాయన పేరు రాశాను. ఎవరూ రాయమనలేదు. అన్నం పెడుతున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, ఆయనను కాదని పోయినవాళ్ల పేరు రాస్తే ఆయన మనసు ఏమవుతుందో అనుకున్నాను. ఆయన ఆ కాగితం చూసి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు చాలా గొప్ప పని చేసినట్టనిపించింది. ఆ తర్వాత నాకు వచ్చిన ప్రతి కార్డూ ఆ కాగితాన్ని చూసే రాశారు.

తమ్ముడు వచ్చిపోయిన రెండో రోజే మా పుట్టింటికి బయల్దేరాను. కదిరిలో బస్సు మారాలి. ఎప్పుడు మారినా స్వామిని చూసుకుని పోయేదాన్ని. ఆ రోజు గుడి వైపు తిరగలేదు. ఏమని మొక్కుకోవాలో నాకే తెలియలేదు.

చిన్నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“ఏం పాపా, సెప్పకుండ వచ్చినావే? కూడు తిన్యావా?”

“తిన్యా. చిన్నాయనా, మా నాయనకు పిల్లోల్లు ల్యారని రాయించినావంట.”

వంటింట్లోంచి మా చిన్నమ్మ గొంతు వినిపించింది. “వచ్చెనా? నేను సెప్పలేదా, వస్తాదని!”

“మీ జేజి పోయినాక పట్టా మార్చుకునేటప్పుడు వారసులెవరని అడిగినారు పాపా” అన్నాడు చిన్నాయన. “అప్పుటికే నువ్వు నా బిడ్డవని కార్డులో ఉండావు. ఒగే బిడ్డను ఇద్దురికి రాస్తే ఆఫీసోల్లు ఒప్పుకుంటారా?”

“అప్పుడే కార్డు మార్పించల్సింది గదా.”

“మారిస్తే బియ్యం పోతాయి. ఆ పొద్దు బియ్యం పెద్దా, భూమి పెద్దా? వాన ల్యాక ఊర్లో సగం మంది బెంగళూరు దారి పట్టినారు. ఆ సేను ఊరకిస్తామన్నా తీసుకునేటోడు ల్యాడు.”

ఆ బియ్యం తిన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

“అయిందేదో అయింది చిన్నాయనా. ఇప్పుడన్నా నా నాలుగెకరాలు నాకు రాయించు.”

చిన్నమ్మ తడి చేతులతోనే బయటికి వచ్చింది. “నీ నాలుగెకరాలా? సాకింది మేము. పెండ్లి చేసింది మేము. ఏటేటా బుడ్డల మూట పంపేది మేము. ఈ ఇంట్లో ఒగ పొద్దన్నా ఆకలని పండుకుంటివా? సెప్పు, నీ దేవుని మీద ప్రమాణం చేసి సెప్పు!”

“పండుకోల్యా చిన్నమ్మా. ఆ మాట నేనెప్పుడూ మర్చిపోను.”

“మర్చిపోకుంటే సంతకం పెట్టి పో.”

ఇన్నేళ్లూ నేను వాళ్లకు పెట్టిన దండాలన్నీ వాళ్లు ఇదిగో, ఇలాంటి సంతకాలుగానే లెక్కేసుకున్నారా అనిపించింది. అన్నం పెట్టారు. నిజం. దానికి నేను రుణపడి ఉన్నాను. అదీ నిజం. అంతమాత్రాన మా నాయనకు నేను పుట్టకుండా పోతానా? ఈ రెండూ కలిపి చెప్పబోతే నోట్లో మాటలు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. చివరికి ఒక్కటే అడిగాను.

“సోలారోల్లు సేను సదును చేస్తారంట గదా. మరి మా యమ్మా నాయనా?”

చిన్నాయన నేల చూశాడు. చిన్న తమ్ముడు గడపలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు, తలెత్తకుండానే అన్నాడు. “మూలకు రొంత ఇడ్సమని అడుగుదాంలే అక్కా.”

సోమవారం అర్జీలు తీసుకుంటారని మండలాఫీసుకు పోయాను. అర్జీ నేనే రాసుకున్నాను. కౌంటరులో ఉన్నాయన చదివి, అద్దాలు పైకి నెట్టుకుని నన్ను చూశాడు.

“మీ నాయనకు నువ్వు పుట్టినావని కాయితం ఉండాదామ్మా?”

“కాయితమంటే ఏం కాయితం అన్నా?”

“పుట్టిన సర్టిఫికెట్.”

“ఇంట్లోనే పుట్టినా. రాయించలేదు.”

“బడి టీసీ?”

“బడికి పోల్యా.”

“బడికి పోకుండానే ఇంత బాగ అర్జీ రాసినావా? ఎవురు నేర్పించినారు?”

“మా చిన్నాయన.”

“మంచిది. అర్జీ ఎవురి మీద?”

“మా చిన్నాయన మీదనే.”

ఆయన పక్క సీటాయనను పిలిచాడు. “ఏమప్పా, ఇది ఇన్యావా?” ఇద్దరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. అయినా నాకు ముఖం మాడిపోయింది. తర్వాత కంప్యూటరులో నా కార్డులన్నీ తెరిచి ఒక్కొక్కటీ చూపించాడు. అన్నింట్లోనూ తండ్రి పేరు ఒకటే. “సూడమ్మా, ప్రభుత్వానికి నువ్వు ఆయన కూతురివి. కాదంటే ఊర్లో పెద్దమనుషులు పదిమందితో రాయించుకొని రా, సూద్దాం.”

పదిమంది ఎంతలే అనుకున్నాను. ఊరు ఊరంతా నన్ను ఎరిగిందే. మొదట మా నాయన స్నేహితుడైన ఒక తాత ఇంటికి పోయాను. నన్ను చూస్తూనే చేతులు పట్టుకున్నాడు.

“నువ్వు పుట్టిన పొద్దు మంత్రసానిని బండి కట్టి తీసకొచ్చింది నేనే పాపా. ఆ ముక్కు సూస్తే తెల్దా ఎవురి బిడ్డవో? అచ్చం మీ నాయనే.”

“అట్లయితే ఆ మాటే ఈడ రాసి సంతకం పెట్టు తాతా.”

చేతులు వదిలేశాడు. “సంతకమా? మా పిల్లోల్లు కూడా అదే కంపెనీకి ఇస్తాండారు. మీ సేను నట్టనడుమ ఉండాది. నువ్వు అడ్డం పడితే అందురిదీ నిలబడిపోతాది. నన్ను దీంట్లో ఇరికించొద్దు తల్లీ. కాఫీ తాగిపో.”

ఆ రోజు తొమ్మిది ఇళ్లలో కాఫీ తాగాను. తొమ్మిది ఇళ్లలోనూ నేను మా నాయన కూతురినేనన్నారు. ఒక ఇంట్లో నా చిన్నప్పటి అల్లరి చెప్పి నవ్వించారు కూడా. ఒక్క సంతకం రాలేదు. ఖాళీ కాగితంతోనే తిరిగి బస్సెక్కాను.

తర్వాత ఎన్ని సోమవారాలు పోయాయో చెప్పలేను. ఒక సోమవారం సర్వర్ లేదన్నారు. ఒక సోమవారం సార్ మీటింగుకు పోయారన్నారు. నా అర్జీ తీసుకున్నాయనకు బదిలీ అయింది, కొత్తాయన మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన కూడా బడి టీసీ దగ్గర ఆగాడు. నేను బడికి పోలేదన్న ఒక్క సంగతి ఎన్నిసార్లు, ఎంతమంది ముందు ఒప్పుకున్నానో! తప్పు చేసినదానిలా తల వంచుకుని ఒప్పుకునేదాన్ని. రోజూ పొద్దున దీపం పెట్టి, ఆ రోజుకు ఇచ్చినవాటికి స్వామికి దండం పెట్టుకోవడం నా అలవాటు. కొళాయిలో నీళ్లొచ్చాయి, బియ్యం ఉన్నాయి, ఆయనకు పని దొరికింది, ఇలా. ఆ నెలల్లో కూడా పెట్టుకున్నాను. కానీ దండం మధ్యలోనే నిన్న ఆఫీసులో అన్న మాట గుర్తొచ్చి పళ్లు కొరుక్కునేదాన్ని. మళ్లీ మొదటి నుంచి పెట్టుకునేదాన్ని.

మా ఆయనకు విసుగొచ్చింది.

“ఇడ్సిపెట్టేయ్ మే. గోడ కట్టేటప్పుడు ఒగ రాయి కూకోకుంటే పక్కకు పారేసి ఇంగోటి ఎత్తుకుంటాం. దాన్నే పట్టుకొని ఏడుస్తామా?”

“అది రాయి కాదు. మా యమ్మా నాయనా ఉండే సోటు.”

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కంచం మీద చూపిస్తున్నట్టు సంగటి నలిపి అన్నాడు. “అయితే వాల్లేమో కూతురివే, కూతురివే అంటాండారు. ఆఫీసోల్లు కూడా అంతే. మరి కూతురి భాగమన్నా ఇమ్మను ఆ ముసలాయన్ని! అదీ ఈయరు, ఇదీ ఈయరు.”

ఆయన ఊరికే అన్నాడు. అని తినేసి లేచిపోయాడు. నేను మాత్రం అలాగే కూర్చుండిపోయాను.

కూతురిని కాను కాను అని ఇన్నాళ్లూ తిరిగాను. ఔనంటే ఏమవుతుంది? తాతల ఆస్తిలో ఆడపిల్లకూ మగపిల్లలతో సమానంగా భాగముందని ఇప్పుడు అందరికీ తెలుసు. నేను చిన్నాయన కూతురినే అయితే, ఆయన, ఇద్దరు కొడుకులు, నేను. ఎనిమిదెకరాల్లో నాలుగో వంతు నాది, ఇంట్లో కూడా. కంపెనీ ఇచ్చిన కాగితంలో నన్ను కుమార్తె అని వాళ్లే రాసుకున్నారు.

కానీ అర్జీలో నేను ఆయన కూతురినని ఎలా రాయను? అది అబద్ధం. ఒకసారి తెలియక రాసిన దానికే ఇంత అనుభవిస్తున్నాను. మూడు రోజులు కాగితాలు చింపేశాను. నాలుగో రోజు ఇలా రాశాను: “తమ కార్యాలయపు రికార్డుల ప్రకారం నేను వారి కుమార్తెను. ఆ రికార్డు నిజమైతే ఇంటిలోనూ భూమిలోనూ నాకు నాలుగో భాగం ఇప్పించి, అది తేలే వరకు లీజు ఆపించవలెను. నిజం కాకపోతే నేను ఎవరి కుమార్తెనో గ్రామంలో విచారించి రాయించవలెను.” ఇందులో అబద్ధం లేదని తేల్చుకున్నాక దేవుడి పటం ముందు పెట్టి, ఒక కాపీ ఆఫీసులో ఇచ్చాను, ఒక కాపీ కంపెనీవాళ్లకు ఇచ్చాను.

అన్నాళ్లూ కదలని ఫైలు వారంలో కదిలింది. కంపెనీ మొత్తం ఎనిమిదెకరాల లీజూ ఆపేసింది. పెద్ద తమ్ముడు ఫోను చేశాడు.

“ఏమక్కా, ఇంట్లో కూడా భాగమంటనే! సిగ్గుండల్ల మనిసికి!”

“నేనడగలేదురా. మీ కాయితమే అడుగుతాంది.”

విచారణకు ఒక మేడం వచ్చింది, వయసులో నాకన్నా చిన్నది. సచివాలయం ముందు కుర్చీలు వేశారు. పక్కన వీఆర్వో రాసుకోవడానికి కూర్చున్నాడు. సగం ఊరు వచ్చి నిలబడింది. చిన్నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, నాకు దూరంగా కూర్చున్నాడు.

మేడం ఆయననే మొదట అడిగింది. “పెద్దాయనా, ఈమె మీ కూతురేనా?”

చిన్నాయన నోరు తెరవలేదు. ఔనంటే నాలుగో భాగం పోతుంది. కాదంటే మా నాయనది మొత్తం పోతుంది. ఆయన అది లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. కానీ కొడుకులకు అంత నిదానం లేదు. ఇల్లు పోతుందన్నదే వాళ్ల తలలో ఉంది.

“కూతురేంది మేడం!” పెద్ద తమ్ముడు అరిచాడు. “మాకు అక్కాచెల్లెల్లు ఎవురూ ల్యారు. మేమిద్దురమే.”

“నేను కన్నది ఇద్దుర్నే తల్లీ” అంది చిన్నమ్మ, కడుపు మీద చెయ్యి పెట్టుకుని. “ఊరంతా తెలుసు. కావల్లంటే అడగండి. ఈ పాప మా బావ కూతురు.”

“మీ బావగారికి పిల్లలే లేరని మీరే రాయించారు కదమ్మా?”

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. చిన్న తమ్ముడు వాళ్లన్న చొక్కా పట్టి వెనక్కి లాగాడు, కానీ మాట బయటికి వచ్చేసింది.

“రాసుకోండి” అంది మేడం వీఆర్వోతో. “అందరి సంతకాలూ తీసుకోండి.”

ఇక చూడాలి. మంత్రసానిని బండి కట్టి తెచ్చిన తాత ముందుకొచ్చి, “నేను ఎప్పుడో సెప్తి గదా, ఆ పాప మా స్నేయితుని బిడ్డేనని” అని వీఆర్వో చేతిలోంచి పెన్ను లాక్కున్నంత పని చేశాడు. తేలకపోతే మొత్తం లీజులు ఆగిపోతాయని అందరికీ తెలుసు. నాకు కాఫీ ఇచ్చిన తొమ్మిది ఇళ్లవాళ్లూ వరసలో నిలబడ్డారు. అడిగినన్నాళ్లూ రాని సంతకాలు పావుగంటలో వచ్చాయి.

నేను సంతోషపడాలి. అందుకే కదా వచ్చింది. కానీ “మాకు అక్కాచెల్లెల్లు ఎవురూ ల్యారు” అన్న మాట చెవిలో అలాగే ఉండిపోయింది. వాడికి పాలపళ్లు ఊడినప్పుడు ఇంటి మీదికి విసిరింది నేను. అన్నది నిజమే, అనమని ఇరికించిందీ నేనే. ఎవరి మీద కోపం తెచ్చుకోను?

చివర్లో చిన్నాయన లేచి వచ్చాడు. సంతకం పెట్టబోయే ముందు నా వైపు చూశాడు.

“ఇందుకేనా పాపా నీకు సదువు నేర్పించింది?”

“నాకేం తెలుసు చిన్నాయనా. నేర్పించినావు. నేర్సుకున్యా.”

పెట్టాడు. గుండ్రటి అక్షరాలు, నావీ అలాగే ఉంటాయి.

ఆ రిపోర్టు వచ్చాక అయిపోయిందనుకున్నాను. కాలేదు. రిపోర్టులో ఒక తండ్రి, కార్డుల్లో ఇంకో తండ్రి, ముందు కార్డులు మార్పించుకుని రమ్మన్నారు. కార్డు మార్చేచోట, పాసుపుస్తకం ఉంటే మారుస్తామన్నారు. పాసుపుస్తకం ఇచ్చేచోట, కార్డు మారితే ఇస్తామన్నారు. ఈ లోపల తమ్ముళ్లు పై ఆఫీసులో అప్పీలు వేశారు, కోపంలో నోరు జారిన మాటను సాక్ష్యంగా తీసుకున్నారని. అక్కడ వాయిదాలు. మా నాలుగెకరాలు తగాదాలో ఉన్నాయని కంపెనీ వాటిని వదిలేసి, చుట్టూ అందరి చేన్లలో అద్దాల పలకలు పరిచి కంచె వేసుకుంది. చిన్నాయన సొంత నాలుగెకరాలు కూడా అందులో పోయాయి. మధ్యలో మా చేను ఒక్కటే మట్టి రంగులో మిగిలింది.

ఈ ఏడు తొలివాన పడగానే విత్తుదామన్నాను. పాసుపుస్తకం లేదు కాబట్టి సబ్సిడీ విత్తనాలు ఇవ్వరు. కాయలు ఒలిచినందుకు కూలి బదులు విత్తనాలే ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. కంచె వల్ల ట్రాక్టరు పట్టేంత దారి లేదు. మా ఆయన తెలిసినవాళ్ల దగ్గర ఎద్దులూ విత్తనాలు వేసే గొర్రూ అడిగి తెచ్చాడు. గోడలు కట్టే మనిషి, గొర్రు పట్టి ఎన్నేళ్లయిందో. ఆయన తోలుతుంటే నేను వెనక నడుస్తూ గొర్రు గిన్నెలోకి గింజలు వదులుతున్నాను. తడి మట్టి వాసన వస్తోంది. ఎవరైనా వచ్చి ఎద్దులు విప్పమంటారేమోనన్న భయం పోలేదు.

నాలుగు సాళ్లు అయ్యాక చూస్తే చిన్నాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆపడానికి వచ్చాడనుకున్నాను. మేము పలకరించలేదు. ఇంకో రెండు సాళ్లయ్యాక ఇక ఉండలేనట్టు లేచి నిలబడ్డాడు.

“ఏమప్పా బేల్దారీ, సాలు వంకర పోతాంది. ఎడమెద్దును అదిలించు.”

మా ఆయన నా వైపు చూశాడు.

“ఆయనకేం పని? గమ్మున నీ పాటికి నువ్వు తోలు” అన్నాను.

తోలాడు. పది అడుగులు పోయాక నేను వెనక్కి తిరిగి చూశాను. సాలు నిజంగానే వంకర పోతోంది, కానుగ చెట్టు వైపుకు. అలాగే పోతే ఇంకో రెండు సాళ్లకు గొర్రు మా అమ్మా నాయనా మీదుగా పోతుంది. ఆయన చెప్పింది సరైనదే. ఈ చేన్లో సాలు ఎక్కడ వంగుతుందో ఆయనకు తెలిసినట్టు నాకు తెలియదు. మా నాయన భూమి గురించి నేను వినవలసిన మాట, దాన్ని నాకు లేకుండా చేసిన మనిషి నోటి నుంచే రావడం నన్ను మండించింది. కాదనడానికి సాలు ఎదురుగా కనిపిస్తోంది.

“ఎడమెద్దును అదిలించు” అన్నాను మా ఆయనతో, గట్టు మీదికి వినిపించకుండా.

చిన్నాయన మళ్లీ కూర్చున్నాడు. సోమవారం వాయిదా ఉంది. ఆయన కొడుకుల వైపు వస్తాడు, నేను నా వైపు నిలబడతాను. నేను వంగి ఇంకో దోసెడు గింజలు తీసుకున్నాను.